కవచం కుట్టాలంటే ముందు తోలు సంగతి తెలియాలి

చేతిపనులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నేను రావులపాలెంలో డిగ్రీ చదువుతున్నాను. స్నేహితులం కలిసి కోటిపల్లి వైపు గోదావరి లంకల్లో ఒక షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. పాతకాలం సైనికుల కథ. అద్దెకు దొరికే నాటకాల డ్రెస్సులు కెమెరాలో అట్టముక్కల్లా కనిపిస్తున్నాయి. నిజం తోలుతో ఛాతీ కవచం చేయాలని ఉంది, కానీ తోలుపని అస్సలు రాదు. సోఫాలకు వాడే తోలు ఒక ముక్క తెప్పించి తడిపి వంచాను. ఆరాక మళ్లీ మెత్తగా వాలిపోయింది. ఏ తోలు కొనాలి, ఏ సామాను కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి, రావులపాలెం

జవాబు: బాబూ, ఆ సోఫా తోలు దాచిపెట్టుకో. డబ్బుల సంచీకో పుస్తకం అట్టకో పనికొస్తుంది. కవచానికి మాత్రం రాదు. సోఫాలకూ జాకెట్లకూ వాడేది క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు. మరిగే నీళ్లలో వేసినా అది పెద్దగా ముడుచుకోదు. ఎంత తడిపినా, ఎంత వంచినా చివరికి మెత్తగానే ఉంటుంది. అది ఆ తోలు గుణం.

నీకు కావలసింది చెట్ల చెక్కతో, కాయలతో పదును చేసిన తోలు. దుకాణంలో 'వెజ్ ట్యాన్' అని అడుగు. చెక్కలో ఉండే వగరు తోలు పోగుల్లోకి ఎక్కి దాన్ని కుళ్లకుండా నిలబెడుతుంది. తమిళనాడులో తరతరాలుగా ఈ పనికి తంగేడు చెక్క వాడారు. మన మెట్ట పొలాల గట్ల మీద పసుపుపచ్చగా పూసే తంగేడే అది. రంగు తేటగా రావడానికి చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించేవారు. ఈరోడ్, దిండిగల్, తిరుచ్చి ఈ రకం తోళ్లకు పేరున్న ఊళ్లు. కొల్హాపురి చెప్పులది కూడా ఈ జాతే. అక్కడ తుమ్మచెక్క, కరక్కాయ వాడతారు. ఇంట్లో ఆ చెప్పులుంటే ఒకసారి వాసన చూడు. మట్టీ చెక్కా కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తెలిసిపోతే దుకాణంలో నిన్ను ఎవరూ మోసం చేయలేరు.

వాసన ఒక్కటే చాలదు కాబట్టి ఇంకో రెండు పరీక్షలు చెబుతాను. రంగు వేయని తోలు మీద ఒక చుక్క నీళ్లు వెయ్యి. వెజ్ ట్యాన్ అయితే చుక్క లోపలికి ఇంకి ఆ చోటు ముదురు రంగుకు తిరుగుతుంది. తర్వాత అంచు కోయించి చూడు. వెజ్ ట్యాన్ లోపలిదాకా గోధుమరంగులోనే ఉంటుంది. క్రోమ్ తోలు చాలావరకు మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు చూపిస్తుంది. ముక్క కాల్చి చూడమని కొందరు చెబుతారు. క్రోమ్ తోలు పొగ మంచిది కాదు, ఆ పని చేయకు.

మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. కొందరు ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్స్ అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు, అంటే 8 నుంచి 10 ఔన్సుల తోలు నీకు సరిపోతుంది. చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. వీపు భాగం అడుగు, పొట్ట భాగం వద్దు. పొట్ట తోలు వదులుగా ఉండి ఒక్కోచోట ఒక్కోలా సాగుతుంది. గేదె తోలు పైభాగం గరుకుగా ఉంటుంది. సైనికుడి కవచానికి నాకు ఆ గరుకే ఇష్టం. రాజుగారి వేషానికైతే నున్నటిది తీసుకో.

ఇక ఛాతీ కవచంతో మొదలుపెట్టకు. ముందు ముంజేతి కవచాలు ఒక జత చెయ్యి. ఒక్కో చేతికి చదరపు అడుగు కంటే తక్కువే పడుతుంది. కొలవడం, కోయడం, తడపడం, వంచడం, అంచు నున్నగా చేయడం, కన్నాలు వేసి తాడు బిగించడం, అన్నీ ఆ చిన్న ముక్క మీదే చేతికొస్తాయి. పైగా సినిమాలో కత్తి పట్టుకున్న చెయ్యే దగ్గరగా కనిపిస్తుంది. ఛాతీ మీద ఉత్తరీయం కప్పి లోపాలు దాచవచ్చు, ముంజేతిని దాచలేం.

మణికట్టు చుట్టుకొలత, ముంజేతి లావుపాటి చోటు చుట్టుకొలత, రెండింటి మధ్య పొడవు తీసుకో. ముందు అట్టపెట్టె ముక్కతో నమూనా చెయ్యి. తాడు బిగించే వైపు రెండు అంచుల మధ్య అంగుళం ఖాళీ ఉంచు. అట్టను చేతికి కట్టుకుని మోచెయ్యి పూర్తిగా మడువు, కత్తి పిడి పట్టుకున్నట్టు మణికట్టు తిప్పు. ఎక్కడ పొడుచుకుంటే అక్కడ అట్ట కత్తిరించు. తోలు కోశాక సరిచేయడానికి వీలుండదు, అందుకే అట్ట దగ్గర ఓపిక పట్టమంటున్నాను.

కోసిన తోలును మామూలు చన్నీళ్లలో ముంచు. బుడగలు వస్తాయి. బుడగలు ఆగాక తీసి పాలిథిన్ సంచిలో చుట్టి రాత్రంతా ఉంచు. పొద్దున తీసేసరికి రంగు దాదాపు మొదటి రంగుకు తిరిగి ఉంటుంది, బుగ్గకు ఆనిస్తే మాత్రం చల్లగా తగులుతుంది. వంచడానికి అదే సరైన సమయం. చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని దాని మీద తోలు వంచి గుడ్డపట్టీలతో కట్టు. కాస్త నిలదొక్కుకున్నాక ఊడదీసి అదే లావున్న సీసాకి గుడ్డ చుట్టి దానికి తొడుగు. నీడలో, ఫ్యాను కింద ఆరనివ్వు. ఎండలో పెడితే అంచులు ముడుచుకుపోతాయి. మన డెల్టాలో శ్రావణ భాద్రపదాల్లో గాలే తడిగా ఉంటుంది. పైన ఆరినట్టు కనిపించినా రెండు రోజుల తర్వాత కూడా లోపల చెమ్మ ఉంటుంది. తొందరపడి రంగు వేయకు.

తడి తోలుకు ఇనుము తగలనివ్వకు. మేకు, గుండుసూది, ఇనప క్లిప్పు, ఏది తగిలినా నల్లమచ్చ పడుతుంది. తోలులోని వగరూ ఇనుమూ కలిస్తే వచ్చే నలుపు అది, కడిగినా పోదు. ఇదే గుణాన్ని మన శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు పనికి వాడుకున్నారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్లతో గీస్తే చిక్కటి నల్లగీత వస్తుంది. తోలుకు నేను వెనిగర్ వాడతాను. నూనె లేకుండా కడిగిన ఇనప పీచును వెనిగర్‌లో కొన్నాళ్లు ఉంచుతాను. గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించకూడదు. ఆ నీళ్లు వడకట్టి తోలు మీద రాస్తే కళ్లముందే బూడిదరంగై, తర్వాత నల్లగా మారుతుంది. ఆరాక తినేసోడా కలిపిన నీళ్లతో ఒకసారి తుడిచి, మంచినీళ్లతో తుడిచి, పలచగా ఆముదం పట్టించాలి. పైపూతగా వేసే రంగు గీసుకుపోతే కింద తోలు అసలు రంగు బయటపడుతుంది. ఈ నలుపు లోపలికి ఇంకుతుంది కాబట్టి కత్తి గీతలు పడినా నిజం కవచంలాగే ఉంటుంది. నూనె దగ్గర ఒక మాట. మన కోనసీమలో ప్రతి దానికీ కొబ్బరినూనె రాస్తాం, ఇక్కడ వద్దు, చలికాలంలో పేరుకుంటుంది. కిర్రుచెప్పులకు మన పెద్దవాళ్లు ఆముదమే పట్టించేవారు.

ఛాతీ కవచం సంగతికి వస్తాను. దానికి తోలు గట్టిపడాలి. వేడినీళ్లతో గట్టిపరచడం పాత పద్ధతి. తాతార్ల, అంటే మంగోలుల, సైనికులు గేదె తోలును ఉడికించి చేసిన గట్టి కవచాలు వేసుకునేవారని మార్కో పోలో చెప్పాడు. మన తెలుగు తీరంలో మోటుపల్లి గురించి చెప్పిన మార్కో పోలోయే. ఉడికించడం అన్నాను కదా అని మరిగే నీళ్లలో వేసేవు. 80 డిగ్రీల దగ్గర, గిన్నె అడుగున చిన్న బుడగలు కడుతున్నప్పుడే పని అవుతుంది. వంటకు వాడే థర్మామీటర్ ఒకటి కొనుక్కో. ముందే తడిపి ఉంచిన ముక్కను ముంచితే కొన్ని సెకన్లలో రంగు ముదిరి, ముడుచుకుని, మందం పెరుగుతుంది. బయటికి తీశాక ఒకటి రెండు నిమిషాలే వంగుతుంది, ఈలోపు రూపం ఇచ్చెయ్యాలి. ఎక్కువసేపు ఉంచితే ఆరాక వంచినప్పుడు చిట్లుతుంది. అందుకని అసలు తోలు జోలికి పోకుండా, అదే తోలులోంచి జానెడు పట్టీలు కోసి ఒకటి 20 సెకన్లు, ఇంకోటి 40, మరోటి 60 సెకన్లు ముంచి చూడు. ముంచకముందు కొలత, ఆరాక కొలత పట్టీ మీదే పెన్నుతో రాసిపెట్టుకో. ప్రతి తోలూ ఒక్కోలా ముడుచుకుంటుంది. నీ తోలు లెక్క నీ పట్టీలే చెబుతాయి.

ఒకే పెద్ద పలకగా ఛాతీ కవచం చేసి వేడినీళ్లలో ముంచడం కొత్తవాళ్లకు కష్టం. ఇంత ముక్క పట్టే గిన్నె కావాలి, ఒకవైపు ఎక్కువ ముడుచుకుంటే తోలంతా వృథా. అందుకే చిన్న చిన్న పలకల కవచం చెయ్యమంటాను. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల పొడవున్న పలకలు కోసి, ఒకే మాదిరిగా కన్నాలు వేసి, ఒకేసేపు ముంచి గట్టిపరచి, వరుసలుగా తాడుతో అల్లడం. ఆసియా అంతటా సైనికులు వేసుకున్న పద్ధతే ఇది. ఒక పలక చెడితే దాన్నొక్కదాన్నే మార్చుకుంటావు. మిగిలిపోయే తోలు ముక్కలు కూడా కలిసొస్తాయి. నటుడు వంగినా కూర్చున్నా కవచం వంగుతుంది. ఎండ పక్కనుంచి పడ్డప్పుడు ఒక్కో పలక నీడ కింది పలక మీద పడి కెమెరాకు లోతు కనిపిస్తుంది. నీకు కావలసిన నిజం అందులో ఉంది, మెరుపులో లేదు.

పలకలకు చివర్లో మైనం పట్టిస్తే వానకు తట్టుకుంటాయి. తేనెమైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది. గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకు, మంటంటుకుంటుంది. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించు, పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండాలి.

సామాను పెద్దగా అక్కర్లేదు. పదునైన కట్టర్, స్టీలు స్కేలు, కన్నాలు వేసే పంచ్, చెక్క సుత్తి, ఆరె (చెప్పులు కుట్టేవాళ్లు తోలుకు గుచ్చే మొనదేలిన పనిముట్టు), రెండు లావు సూదులు, మైనం పట్టించిన దారం, అంచులు రుద్దడానికి నున్నటి కర్రముక్క, ఇత్తడి రివెట్లు, ఇత్తడి బకిళ్లు. ఇనప సుత్తితో తోలును కొట్టకు, ప్రతి దెబ్బా అచ్చుపడుతుంది.

ఈ సామాను కొనడానికి కాకినాడో రాజమండ్రో వెళ్లేముందు, మీ ఊరి సెంటర్లో గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లు. ఈ జవాబంతటిలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఆయన చేతిలో ఆరెను దగ్గరగా చూడు. మొన దగ్గర చిన్న గాడి ఉంటుంది. పైనుంచి గుచ్చుతాడు. కింద ఎడమచేత్తో దారాన్ని ఆ గాడికి తగిలిస్తాడు, చూడకుండానే. ఆరె పైకి లాగితే దారం ఉచ్చుగా పైకి వస్తుంది. దారం రెండో కొస ఆ ఉచ్చులోంచి దూర్చి రెండువైపులా ఒక్క గుంజు గుంజుతాడు. ముడి తోలు మందంలోనే దాక్కుంటుంది. వీడియోలో ఎన్నిసార్లు చూసినా ఎంత బలంగా గుంజాలో చేతికి తెలియదు. ఆయన పక్కన కూర్చుని గుంజితే తెలుస్తుంది. ఊరికే నేర్పమని అడగకు. నీ కోసం ఆయన ఆపుకున్న పనికి పూట కూలీ లెక్కగట్టి ఇవ్వు, ఏమండీ అని పిలువు, సినిమా చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు వెయ్యి. తోలు ఎక్కడ మంచిది దొరుకుతుందో కూడా ఆయనకే బాగా తెలుస్తుంది.

ఇంకొక్కటి. కవచం కింద బొంతలా కుట్టిన నూలు అంగీ వేయించు. ఒళ్లు ఒరుసుకోదు, చెమట పీలుస్తుంది, కవచం నిండుగా కూర్చుంటుంది. రోహిణి కార్తెలో మాత్రం షూటింగ్ పెట్టుకోకు. ఇసుక మీద, తోలు కవచంలో, మధ్యాహ్నం పూట మీ నటుడికి వడదెబ్బ తగులుతుంది.

ప్రశ్న: మాస్టారూ, మాకు దగ్గర్లోనే మాధవపట్నం ఉంది. తోలుబొమ్మలు చేసే కుటుంబాల దగ్గర తోలు తీసుకుని డాలు, కవచం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, సామర్లకోట

జవాబు: బొమ్మలకు వాడేది పదును చేయని మేకతోలు. వెంట్రుకలు తీసి, గీకి, లాగి ఆరబెట్టిన పచ్చితోలు. దీపం వెలుగు ఇటునుంచి అటు కనిపించాలి కాబట్టి పలచగా ఉంటుంది. కవచానికి ఆ మందం చాలదు. పచ్చితోలు ఆరితే కర్రలా గట్టిపడుతుంది, తడి తగిలితే మెత్తబడుతుంది. డప్పు వాయించే ముందు మంటకు కాచేది ఇందుకే కదండీ, గాలిలో చెమ్మకు తోలు వదులవుతుంది. డాలుకు మాత్రం దళసరి గేదె పచ్చితోలు బాగుంటుంది. మన దేశంలో పాత డాళ్లు చాలా వాటిని అలాంటి తోలుతోనే చేసి, మీద లక్క వార్నిష్ పూసి, నడుమ నాలుగు లోహపు బొడిపెలు బిగించేవారు. ఆ బొడిపెలే వెనకాల పట్టుకునే పిడికి ఆధారం. మీరూ చేసేట్టయితే రెండు వైపులా, అంచుతో సహా వార్నిష్ పూయండి.

మాధవపట్నం మాత్రం తప్పకుండా వెళ్లండి. బొమ్మల నగల మీద చుక్కలు, పూలు, అర్ధచంద్రాలు చిన్న ఉలులతో కొట్టి తొలిచే పని చూస్తే మీ కవచం అంచుకు ఎలాంటి అల్లిక పెట్టాలో తెలుస్తుంది. మన కవచం మీద మన నగిషీయే ఉండాలని నాకు పట్టుదల. ఎక్కడివో డ్రాగన్ బొమ్మలు ఎందుకు చెప్పండి?

ప్రశ్న: మాస్టారుగారూ, నేను ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ వార్షికోత్సవంలో రుద్రమదేవి వేషం వేస్తున్నాను. కవచం నేనే చేసుకుంటానంటే నానమ్మ, తోలు ఇంట్లోకి తేవద్దు, అది మనం చేసే పని కాదు అంటోంది. తోలు లేకుండా చేయొచ్చా?
– ఒక విద్యార్థిని, మండపేట

జవాబు: చేయొచ్చమ్మా. పిల్లలు ఆడుకోవడానికి నేల మీద పరిచే ఫోమ్ పలకలు ఉంటాయి కదా, ఆ ఫోమ్ చాలు. పది మిల్లీమీటర్ల లోపు మందం తీసుకో. అట్ట నమూనా, కొలతలు అన్నీ పైన చెప్పినట్టే. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో పైపైన వేడి చేస్తే రంధ్రాలు మూసుకుని కాస్త మెరుస్తుంది, ఆ వేడి మీదే మోకాలికో గిన్నెకో ఆనించి వంచు. అతికించడానికి చెప్పుల గమ్ము రెండు వైపులా రాసి, వేలికి అంటనంత ఆరాక ఒకేసారి నొక్కు. కిటికీలు తెరిచి ఉంచు, ఆ గమ్ము వాసన పీల్చకూడదు. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి రెండు మూడు పూతలు వేసి, ఆరాక యాక్రిలిక్ రంగులు వెయ్యి. ముందు నలుపు, దాని మీద గోధుమరంగు, అంచుల్లో మాత్రం లేత రంగు పొడి బ్రష్‌తో. వేదిక మీద నీకూ చివరి వరసలో కూర్చున్నవాళ్లకూ చాలా దూరం ఉంటుంది, అక్కడినుంచి తోలుకూ దీనికీ తేడా తెలియదు.

నానమ్మగారితో గొడవ పడకు. కానీ ఒక సాయంత్రం పక్కన కూర్చుని మాట్లాడు. గుళ్లో స్వామివారి ముందు మోగే డోలుకు తోలే, కచేరీలో మృదంగానికి తోలే. ఆ వాద్యాలకు దణ్ణం పెట్టే మనం వాటికి తోలు బిగించిన చేతుల్ని దూరం పెట్టడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఆ పని ఒక కులానికి అంటగట్టి, వాళ్లను ఊరి చివరకు నెట్టి, వాళ్లు చేసిన చెప్పులు తొడుక్కుని నడిచాం. నువ్వు తోలు ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఈ సంగతి తెలిసి ఉండాలి. వీలైతే నడుముకు కట్టే పటకా ఒక్కటైనా నిజం తోలుతో చేసుకో. చేత్తో కుట్టిన పటకా బిగిస్తే నిలబడే తీరు మారుతుంది.

ప్రశ్న: మేము పద్యనాటకాలు వేస్తామండీ. మా తోలు పటకాలు, కత్తి ఒరలు పెట్టెలో పెడితే వానాకాలం అయ్యేసరికి తెల్లటి పొడి పడుతోంది. ఏం చేయాలి?
– ఒక నాటక సమాజం వారు, నరసాపురం

జవాబు: అయ్యా, ముందు అది బూజా, తోలులోని కొవ్వు పైకి తేలిందా చూడండి. హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వెచ్చచేయండి. కొవ్వయితే కరిగి లోపలికి పోతుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. పోకపోతే బూజు. ఆరుబయట పొడిగుడ్డతో దులిపి, ఆ గుడ్డ పారేయండి. సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి, నీడలో గాలికి బాగా ఆరబెట్టండి. ముందు కనపడని చోట ఒకసారి తుడిచి రంగు మారడం లేదని చూసుకోండి. ప్లాస్టిక్ కవర్లలో చుట్టకండి, పాత నూలు పంచెల్లో చుట్టండి. ఇనప ట్రంకు పెట్టె నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు జానెడు దూరంలో ఉండాలి. నాటకం అయిన రాత్రే చెమట తడితో పెట్టెలో పడేయకుండా మర్నాడు పూర్తిగా ఆరాక సర్దండి. వానాకాలంలో నాటకాలు లేకపోయినా పదిహేను రోజులకోసారి పెట్టె తెరిచి ఒక పూట ఫ్యాను కింద పరవండి.